దుప్పటికి అవతలి వైపు

పోయిన వారం మనం ఆవిడని మోకాళ్ళ లోతు సముద్రంలో, నోరు తెరుచుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. అలా వదిలెయ్యడం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ విన్న మాట మింగుడు పడటానికి ఆవిడకి కాస్త వ్యవధి కావాలి, చదివిన మీకూ కావాలి.

ఆ మాట అన్నది సర్ఫింగు నేర్పే ఆయన. పొట్ట ముందుకొచ్చి, మెడ అనేది కనపడకుండా, ఎండకి నిగనిగలాడుతూ ఉంటాడు కాబట్టి క్యాంపులో అందరూ ఆయన్ని సొరచేప అంటారు. ఆయనా పలుకుతాడు. బోర్డు మీంచి పడి, ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయి ఉక్కిరిబిక్కిరవుతున్న ఆవిడని లేపి నిలబెడుతూ, ధైర్యం చెబుదామనే అన్నాడు పాపం.

"మీలాగే పెద్ద వయసులో నేర్చుకున్నాయన ఒకరుండేవారు మేడమ్. ఏటా వచ్చేవారు. పడ్డప్పుడల్లా పకపకా నవ్వేవారు. ఈ ఏడే ఎందుకో రాలేదు. అయినా ఆయన వచ్చేది సముద్రం కోసం కాదులెండి, మా యోగా టీచరు కోసం."

ఆ పెద్దాయన ఆవిడ భర్త.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక లాండ్రీ నడుపుకున్నారు, పెద్ద బిల్డింగులో మెట్ల కింద దొరికిన సన్నటి గదిలో. ఒక్కడే కొడుకు. కాలేజీ అయిపోగానే సర్ఫింగు నేర్చుకుంటానని ఒంటరిగా ఏదో తీరానికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఎవరో అమ్మాయి మునిగిపోతుంటే కాపాడబోయాడనీ, ఆ అమ్మాయి బతికిందనీ, వీడు మిగల్లేదనీ తండ్రి వెళ్ళి తెలుసుకుని వచ్చి చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో నవ్వింది లేదు. ఏటా షాపులో పని పల్చబడే నెలలో మాత్రం స్టీము ప్రెస్సుకి సామాన్లు తెస్తానని ఎటో వెళ్ళి వచ్చేవాడు. పోయిన ఏడు ఆయనా పోయాడు. బట్టల సంచీ దులిపితే అడుగున బోర్డుకి రాసే మైనం మరకలున్న ఒక నిక్కరూ, ఈ క్యాంపు పేరున్న ఒక టీషర్టూ బయటపడ్డాయి. ఒంటరిగా వచ్చేవాళ్ళకి సర్ఫింగు, యోగా రెండూ నేర్పుతామన్న ప్రకటన చూసి, ఆవిడ షాపుకి తాళం వేసి, భర్త పేరు ఎక్కడా ఎత్తకుండా వచ్చి చేరింది.

ఆవిడకి తెలుసుకోవలసింది ఒక్కటే. కొడుకుని మింగిన నీళ్ళలో ఈ మనిషి నవ్వుతూ ఎలా ఆడుకున్నాడు? ఎవరిని చూసుకుని నవ్వాడు?

ఆ ఎవరో ఇప్పుడు తెలిసిపోయిందని ఆవిడ అనుకుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. బోర్డు ఒడ్డున పడేసి, జుట్టు పిండుకుంటూ, ఒంటి మీద ఇసుక కూడా కడుక్కోకుండా యోగా హాలు మెట్లెక్కింది. సొరచేప వెనక నుంచి "మేడమ్, ఇంకో రెండు అలలు ఉన్నాయి" అని అరుస్తూనే ఉన్నాడు.

హాలంటే పెద్ద హాలేం కాదు. చెక్క నేల, మూడు వైపులా వెదురు తడికలు, నాలుగో వైపు సముద్రం. క్లాసు అప్పటికే మొదలైంది. ఆవిడ తడిక వారన తన చాప పరుచుకుని, ఆసనాలన్నీ ఎడాపెడా వేస్తూ, ఆ పిల్లనే చూస్తూ కూర్చుంది. పిల్ల అంటే పిల్లే. ముప్పై దాటి ఉంటాయేమో, అంతే. కూతురుంటే ఆ వయసుది ఉండేది. ఆ ఆలోచన రాగానే ఒళ్ళు మరింత మండింది. చూడ్డానికేమో పెద్ద అందగత్తె కాదు. ముక్కు మీద ఎండకి ఊడిన పొర, గోళ్ళు కురచ, పొడుగాటి చేతుల జుబ్బా. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి రోజు టీచర్ని చూసి బుద్ధిగా ఎడమ చెయ్యొక్కటే ఎత్తుతారు. అప్పుడామె నవ్వేసి, "మీరు రెండూ ఎత్తండి, నాది రిపేర్లో ఉంది" అంటుంది. మన ఆవిడ కూడా మొదటి రోజు ఒక్క చెయ్యే ఎత్తింది, నవ్వుకుంది కూడా. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళంతా చీదరగా అనిపించింది.

ఏం చూశాడు ఇందులో? ఇంట్లో మెతుకు మెతుక్కీ నోరు తెరిచేవాడే కాని మాటకి తెరిచేవాడు కాదు. పక్కింటి వాళ్ళు జోకు చెప్పినా, టీవీలో కోతి గంతులేసినా, ఆ మొహం అలాగే ఉండేది. "ఆయన లోపలెక్కడో ఆగిపోయాడమ్మా" అని డాక్టరు అంటే ఆవిడ నమ్మింది, జాలిపడింది, ఆయన పళ్ళెంలో ఒక ముద్ద ఎక్కువ పెట్టింది. ఆ మనిషి ఇక్కడ పకపకా నవ్వాడట!

క్లాసు చివర్లో అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, యోగా టీచరు ఒక్కొక్కళ్ళకీ పల్చటి తెల్ల దుప్పటి కప్పుతుంది. అందరికీ అదే ఇష్టం. కొందరు గుర్రు కూడా పెడతారు. ఆవిడ మాత్రం ఒక్కరోజూ పడుకోలేదు. తెల్ల దుప్పటి కింద వెల్లకిలా ఉన్న మనుషుల్ని చూస్తే ఆవిడకి ఊపిరాడదు. రోజూ ఆ వేళకి లేచి బయటికి వెళ్ళిపోయేది. ఇవాళ వెళ్ళలేదు. ఇదే ఆఖరి క్లాసు, సాయంత్రం బస్సుకి ప్రయాణం. అడగవలసింది ఇప్పుడడక్కపోతే ఇంక ఈ జన్మకి లేదు.

అందరూ లేచి, ఒళ్ళు విరుచుకుని, టీ కోసం కిందికి వెళ్ళారు. దుప్పట్లు ఎక్కడివక్కడ కుప్పలుగా పడి ఉన్నాయి. యోగా టీచరు వాటిని ఏరి ఒక పక్కన వేస్తోంది. ఆవిడ లేచి నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా నెమరేసుకున్న మాట కాదు ఇది, అప్పటికప్పుడు పుట్టిన కోపం, నోటి దాకా వచ్చి అక్కడే తచ్చాడుతోంది. ఈలోగా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పాతికేళ్ళు లాండ్రీలో పనిచేసిన చేతులు. కళ్ళెదురుగా ఉతికిన దుప్పటి ఉండలా పడి ఉంటే చూస్తూ ఊరుకోలేవు. ఆవిడ ఒక దుప్పటి అందుకుని, దులిపి, రెండు కొసలు తను పట్టుకుని, మిగతా రెండూ ఎదురుగా ఉన్న మనిషి వైపు చాపింది. ఎదురుగా ఎవరున్నారో కూడా చూసుకోలేదు. ఇంట్లో ఎప్పుడూ అటువైపు ఒక మనిషి ఉండేవాడు, చాపితే అందుకునేవాడు.

యోగా టీచరు అందుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దుప్పటిని లోకమంతా సగానికి మడుస్తుంది. వీళ్ళ షాపులో అరలు మరీ ఇరుకు, సగానికి మడిస్తే పట్టేవి కావు. అందుకని నిలువునా మూడు పొరలు చేసి, పై అంచు లోపలికి దోపి, ఇద్దరూ ఒక్కసారి వెనక్కి వాలి గట్టిగా లాగి, అప్పుడు ఎదురొచ్చి కొసలు అందించుకునేవాళ్ళు. అందుకున్నవాళ్ళు మడత మీద అరచేత్తో రెండుసార్లు చరచాలి. ఎందుకు చరచాలో ఎవరికీ తెలియదు, అది ఆయన పెట్టిన పద్ధతి. వెనక్కి వాలే ముందు "ఊఁ" అనడం కూడా ఆయనదే.

మూడు పొరలు పడ్డాయి. అంచు లోపలికి పోయింది. "ఊఁ" అంది యోగా టీచరు, వెనక్కి వాలుతూ. ఆవిడా వాలింది. దుప్పటి ఇద్దరి మధ్యా బిగుసుకుంది. ఇద్దరూ ఎదురొచ్చారు, కొసలు చేతులు మారాయి, యోగా టీచరు ఎడమ అరచేత్తో మడత మీద రెండుసార్లు చరిచింది.

అలాగే ఇద్దరూ ఆగిపోయారు.

"ఈ మడత నీకెవరు నేర్పారు?" అంది ఆవిడ.

యోగా టీచరు మొహంలో రంగు మారింది. ఆవిడ చేతుల వంక చూసింది, ఆవిరికి కమిలి ముడతలు పడ్డ వేళ్ళ వంక. తర్వాత మొహం వంక. నిన్నటి దాకా ఆంటీ అన్న నోటితో, చాలా నెమ్మదిగా, "పిన్నీ?" అంది.

"నీకు పిన్నినెప్పుడయ్యాను నేను?"

"ఆయన్ని బాబాయి అనేదాన్ని. మరి మీరు..." మాట మింగేసి, గుమ్మం వైపు ఆత్రంగా చూసింది. "బాబాయి కూడా వచ్చారా? ఈసారి మిమ్మల్ని తీసుకొచ్చారా? నెల దాటిపోయినా రాలేదేంటా అని రోజూ బస్సు వేళకి చూస్తున్నాను. ఫోన్ చేద్దామంటే చెయ్యొద్దనేవారు, మీకు వినపడుతుందని. కిందున్నారా?"

ఆవిడ ఎన్ని అడగాలనుకుందో అవన్నీ ఎటో పోయాయి. ఈ పిల్లకి తెలియదు. ఇన్నాళ్ళుగా ఈ పిల్ల బస్సు వేళకి రోడ్డు మీదకి చూస్తోంది.

"పోయాడు," అంది ఆవిడ. ఇంకోలా చెప్పడం చేతకాలేదు. "ఏడాది దాటింది. నిద్దట్లోనే."

యోగా టీచరు ఉన్నచోటే కూలబడింది. మడిచిన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని, దాని మీదకి వంగిపోయి, చిన్నపిల్లలు ఏడ్చినట్టు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ నిలబడి చూస్తూ ఉండిపోయింది. భర్త పోయిన రోజు తనకి ఇంత ఏడుపు రాలేదు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు కూడా. మరి ఈ పిల్లకి ఇంత ఏడుపు ఎక్కడి నుంచి వస్తోంది? ఆ హక్కు ఎవరిచ్చారు? చల్లారబోయిన కోపం మళ్ళీ రాజుకుంది.

"ఏడుపు తర్వాత. ముందు జవాబు చెప్పు. నువ్వు ఆయనకి ఏమవుతావు?"

"ఏమీ కాను."

"ఏమీ కాని దాని కోసం ఏటా అబద్ధమాడి వచ్చాడా? ప్రెస్సు సామాన్లట! ఆ ప్రెస్సు మరమ్మతులు నేను లెక్కేసుకోలేదనుకున్నాడా? చెప్పు. నీ కోసం కాదూ?"

యోగా టీచరు తలెత్తింది. కళ్ళు తుడుచుకోలేదు. "మీరు నా పేరు కూడా వినను అన్నారట. ఎప్పుడైనా ఎదురుపడితే మొహం చూపించొద్దని చెప్పమన్నారట. అందుకే ఆయన మీకు చెప్పలేదు. మీరేమీ తప్పుగా అనుకోకండి పిన్నీ, ఆయన నన్ను కూతుర్ని చూసినట్టు చూశారు. నేను... మీ అబ్బాయితో ఆ రోజు నీళ్ళలో ఉన్నదాన్ని."

ఆవిడకి కొంతసేపు ఏమీ వినపడలేదు. అలల చప్పుడు కూడా.

ఆ పిల్ల. ఏ పిల్ల మట్టికొట్టుకుపోవాలని ఏళ్ళ తరబడి ఇస్త్రీ పెట్టె కదిపిన ప్రతి కదుపుకీ శపించిందో, ఆ పిల్ల. ఎవరి కడుపున పుట్టిందో, ఎక్కడ సుఖంగా తిని తిరుగుతోందో అని పొద్దున్న లేస్తూనే తిట్టుకునేది. నిజం చెప్పొద్దూ, ఆ తిట్టే ఆవిడని మంచం మీంచి లేపేది. ఆ పిల్ల చేతిలో వారం రోజులుగా ఒళ్ళు వంచుతోంది, ముందుకి వంగే ఆసనంలో ఆమె పెట్టిన దిండు మీద తల ఆనించింది, ఒకసారి "బాగా చెప్పావమ్మా" అని కూడా అంది.

చెయ్యి దానంతటది లేచింది. చెంప పగలగొట్టడానికే లేచింది. యోగా టీచరు కదల్లేదు. కుడి చెయ్యి మాత్రం మొహానికి అడ్డం పెట్టుకోవడానికి పైకొచ్చి, భుజం దగ్గర టక్కున ఆగిపోయింది.

ఆవిడ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

"దానికేమైంది?"

"బోర్డు తగిలింది. దాని మొన భుజంలో దిగింది. ఆ రోజే."

"మునిగిపోతున్నదానివి. నీకు బోర్డెక్కడిది?"

యోగా టీచరు ఒళ్ళోని దుప్పటి సర్దుకుంది.

"నిన్నే. బోర్డు నీ కాలికే కట్టి ఉంటే నువ్వు మునగవు, తేలతావు. ఆ మాత్రం సొరచేప నాకూ చెప్పాడు. ఎవరిదా బోర్డు?"

"అతనిది," అంది యోగా టీచరు. "నేను మునగలేదు పిన్నీ. నేను ఒడ్డున ఉన్నాను. అక్కడ సర్ఫింగు నేర్పేదాన్ని నేనే. సముద్రం బాగాలేకపోయినా అతనొక్కడే వెళ్ళాడు. తిరగబడ్డాక నేను వెనకాల ఈదుకుంటూ వెళ్ళాను. రెండుసార్లు చేతికందాడు. రెండోసారి బోర్డు వచ్చి నా మీద పడింది. ఈ చెయ్యి పట్టు వదిలేసింది."

"అబద్ధం."

"అబద్ధమే. కాని ఇది కాదు, మీకు చెప్పింది. ఆసుపత్రిలో నేనూ బాబాయీ కూర్చుని అల్లిన అబద్ధం."

ఆవిడ తడికకి ఆనుకుంది. అలాగే జారి కూర్చుంది. ఇద్దరూ ఒకే ఎత్తున కూర్చున్నారు ఇప్పుడు. "ఎందుకు?" అంది. "నా కొడుకు నిన్ను కాపాడబోయి పోయాడని నాకెందుకు చెప్పారు? నువ్వు వాణ్ణి కాపాడబోయావంటే నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకునేదాన్ని కదే! నీకెందుకీ తిట్లు?"

"చెప్పనని ఆయనకి మాటిచ్చాను."

"ఆ మనిషే లేడు. ఇంకెవరికి ఆ మాట?"

యోగా టీచరు దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ తల వంచుకుంది. నోరు విప్పక్కర్లేకపోయింది. ఒడ్డున ఉన్నవాడు, ఎవరినీ కాపాడే అవసరం లేనివాడు, సముద్రం బాగాలేని పూట ఒక్కడే ఎందుకు దిగాడు? ఆ ప్రశ్న వెంబడే ఆవిడకి జవాబు వచ్చేసింది. ఎక్కడి నుంచో రాలేదు. అన్నేళ్ళుగా లోపలే ఉంది.

ఆ పొద్దున కొడుకు ఫోన్ చేశాడు. ఆవిడ ఒక చేత్తో ఇస్త్రీ చేస్తూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కుకుని మాట్లాడింది. వెనక్కి రానమ్మా, ఇక్కడే ఉండి సర్ఫింగు నేర్పుతాను, షాపు నా వల్ల కాదు అన్నాడు. షాపు నిండా గిరాకీలు, ఒళ్ళంతా చెమట, పైగా చొక్కా కాలరు మీద మాడు పడింది. "అయితే అక్కడే ఉండు. ఆ నీళ్ళలోనే పడి చావు. నా గుమ్మం తొక్కకు," అని ఫోన్ పెట్టేసింది.

ఇలాంటి మాట ఎప్పుడూ అనని తల్లి మనలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. పాలు తాగకపోతే చావు అంటాం, పుస్తకం ముట్టకపోతే చావు అంటాం, ఆలస్యంగా వస్తే ఎక్కడ చచ్చావు అంటాం, వచ్చి నిలబడితే ఇంత పెట్టి పక్కన కూర్చుని తినిపిస్తాం. సాయంత్రం వాడే మళ్ళీ చేస్తాడు, అప్పుడు తగ్గుదాం అనుకుంది ఆవిడ. సాయంత్రం చేసింది వేరే ఎవరో.

ఆ పొద్దుటి ఫోను సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. భర్తకి అసలే చెప్పలేదు. కొడుకు ఒక ప్రాణం కాపాడబోయి పోయాడన్న మాట వినగానే ఏడుపులోనే ఎక్కడో కాస్త ఊపిరి పీల్చుకుంది. అయితే నా మాట వల్ల కాదు అనుకుంది. దాన్ని పట్టుకునే బతికింది.

"ఆయనకి తెలుసా?" అని అడిగింది.

"మొదటి రోజే తెలుసు. దిగే ముందు అతను నాతో చెప్పాడు, మా అమ్మ ఇలా అంది అని. నేను ఆసుపత్రిలో ఉండగా బాబాయి వచ్చి అడిగితే చెప్పేశాను. అప్పుడు నాకంత ఆలోచన లేదు. ఆయన చాలాసేపు గోడ వంక చూస్తూ కూర్చున్నారు. 'ఇది దానికి తెలియకూడదమ్మా, తెలిస్తే అది బతకదు' అన్నారు. ఏం చెప్పాలో తోచక తల పట్టుకున్నారు. ఎవరినో ఒకరిని తిట్టుకుంటే అయినా లేచి తిరుగుతారు కదా, నన్ను తిట్టుకోనివ్వండి బాబాయ్ అని నేనే అన్నాను. మీరెవరో తెలియదు. మీ తిట్లు నాకు వినపడవు కదా అనుకున్నాను."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తెలుసు. అన్నీ తెలిసి ఆ మనిషి దుప్పటికి అవతలి వైపు నిలబడి, ఊఁ అని, కొసలు అందించి, ఒక్కమాట అనలేదు. కోపంలో కూడా అనలేదు. "నీ నోటి వల్లే" అని ఒక్కసారి అని ఉంటే ఇద్దరూ కలిసి ఏడ్చి ఉండేవాళ్ళేమో. ఆవిడేమో ఆయన మౌనాన్ని చూసి విసుక్కుంది, మనిషివా మానువా అంది, కొడుకు పోయింది నాకొక్కదానికేనా అని దెప్పింది. తను దాచిన దాన్ని ఆయన తనకన్నా జాగ్రత్తగా దాస్తున్నాడని తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు చెప్పుకోవడానికి ఆయన లేడు. ఏడాది క్రితం రావలసిన ఏడుపు అప్పుడు వచ్చింది. చుట్టాలెవరూ లేని చోట, ఎవరూ లెక్కపెట్టని చోట, ఆవిడ చెక్క నేల మీద నుదురు ఆనించి, ఆయన్నీ కొడుకునీ కలిపి ఒకేసారి ఏడ్చింది.

యోగా టీచరు దగ్గరికి జరిగింది. ముట్టుకోవచ్చో లేదో తెలియక చెయ్యి గాల్లోనే ఉంచుకుంది.

చాలాసేపటికి ఆవిడ లేచి కూర్చుని, ముక్కు తుడుచుకుంది. "నవ్వేవాడటగా," అంది. "మీ సొరచేప చెప్పాడు."

"నేను ఇక్కడ పనిలో చేరిన మొదట్లో నీళ్ళ వంకే చూసేవారు కాదు. నన్ను చూసి, చెయ్యి ఎలా ఉందో అడిగి, ఈ మెట్ల మీద కూర్చునేవారు. నేను దుప్పట్లు ఉండలు చుట్టి పడేస్తుంటే చూడలేక మడత నేర్పారు. తర్వాతెప్పుడో, వాడికి ఇందులో ఏం కనపడిందో చూస్తానమ్మా అని దిగారు. ఎన్నిసార్లు పడ్డారో! మొదటిసారి లేచి నిలబడ్డ రోజు గట్టిగా నవ్వేశారు. వెంటనే తప్పు చేసినట్టు నోరు మూసుకుని, మీ పిన్నికి తెలియనివ్వకు అన్నారు. ప్రతిసారీ వెళ్ళేటప్పుడు, వచ్చే ఏడు మీ పిన్నిని తీసుకొస్తా, అన్నీ చెప్పేస్తా అనేవారు."

ఆవిడ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. జుబ్బా గుడ్డ కింద మచ్చ గట్టిగా, ముడి పడినట్టు తగిలింది. ఆవిడ బొటనవేలితో దాని మీద నెమ్మదిగా రాసింది, నలిగిన గుడ్డని సాపు చేసినట్టు. "పిచ్చిదానా," అంది. "ఇన్నేళ్ళు నా తిట్లన్నీ ఉత్తపుణ్యానికి తిన్నావా? నీకు కన్నవాళ్ళు లేరూ, వద్దని చెప్పడానికి?"

యోగా టీచరు కళ్ళు మూసుకుంది. ఆ చెయ్యి అక్కడే ఉండాలని అనుకుంటున్నట్టు ఉంది ఆమె మొహం.

కింద ఎవరో టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు. ఆవిడ సముద్రం వైపు చూసింది. ఇందాకటికన్నా గాలి పెరిగింది, అలలు అడ్డదిడ్డంగా వస్తున్నాయి. సొరచేప బోర్డులన్నీ మోసుకొచ్చి షెడ్డులో పెట్టి, నీళ్ళలోకి ఎవరూ దిగొద్దని ఒడ్డున కర్రకి ఎర్ర జెండా కడుతున్నాడు.

"ఆ రోజు కూడా ఇలాగే ఉందా?" అంది ఆవిడ. ఇంకేమీ మనసులో పెట్టుకుని అడగలేదు. కొడుకు గురించి ఏదో ఒకటి మాట్లాడాలని ఉంది, అంతే. "జెండా చూసి కూడా ఎలా దిగాడే వాడు? చిన్నప్పటి నుంచి వాడికదో చాదస్తం. ఎర్ర లైటు పడితే రోడ్డు మీద పిట్ట లేకపోయినా ఆగేవాడు. నేను చెయ్యి పట్టి లాగినా కదిలేవాడు కాదు. ఎంత కోపంలో ఉన్నా జెండా ఉంటే దిగడు వాడు."

చేతి కింద భుజం బిగుసుకుంది.

ఆవిడ తల తిప్పి చూసింది. యోగా టీచరు కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆ ఎర్ర జెండా మీదే ఉన్నాయి.

"బాబాయి కూడా సరిగ్గా ఇలాగే అన్నారు," అంది. "ఇన్నేళ్ళలో ఒక్కసారే. పోయినసారి, ఇక్కడే కూర్చుని. అప్పటి దాకా ఆయనకి తట్టలేదు. నేను చెప్పాను. విన్నాక ఒక్క గంట కూడా ఉండలేదు. సంచీ సర్దుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయారు."

పోయిన ఏడు ఆయన అనుకున్నదానికన్నా ముందే ఇల్లు చేరాడు. చెప్పులు విప్పకుండా షాపు బల్ల మీద కూర్చుని, ఆవిడ వంకే చూస్తూ, ఏదో అనబోయి, గిరాకీ రావడంతో ఆగిపోయాడు. పొద్దున లేపబోతే లేవలేదు.

"ఏం చెప్పావు ఆయనకి?"

యోగా టీచరు ఆవిడ చేతిని తన భుజం మీంచి తీసి, మెల్లిగా ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"నన్ను ఊరికే తిట్టారని అనుకోకండి పిన్నీ," అంది. "ఆ పొద్దున జెండా ఇంకా కర్రకి కట్టలేదు, నా చేతిలోనే ఉంది."